పంజాగుట్ట పద్మాక్షి మిగతా భాగాలు

బందరు,
1938 జూలై 4

మా సుమిత్రకు పెద్దమ్మ దీవెనలు.

నా ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. 'పంజాగుట్ట పద్మాక్షి' తొమ్మిదో భాగం రాలేదు. ఎనిమిదో భాగం చివర సురేంద్రబాబు తెల్లగుర్రమెక్కి నది దాటుతుంటే గుర్రం కాలు జారింది. రచయిత అక్కడ ఆపేశాడు. నెలన్నర నుంచి ఆ గుర్రం జారుతూనే ఉంది. పుస్తకాల కొట్టాయన్ని అడిగితే "మద్రాసు నుంచి రాలేదమ్మగారూ" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గురువారం కుట్టు కూటం సంగతి నీకు తెలిసిందే. ఆసుపత్రి రోగులకు చొక్కాలు కుట్టడానికి పదకొండు మందిమి చేరతాం. పదిమంది కుడతారు, నేను చదువుతాను. బైబిల్లో పౌలు రాసిన పత్రికలు చదువుతున్నామని పాస్టరు గారు అనుకుంటారు. పైన అట్ట పాటల పుస్తకానిది, అంతే, అబద్ధం మాత్రం నేను ఆడలేదు. పక్కింటి రుద్రమ్మ మన మతం కాదు, సూదీ పట్టదు. ప్రార్థన అయ్యేదాకా గుమ్మం బయట నిలబడి, కథ మొదలవగానే లోపలికొచ్చి కూర్చుంటుంది. పోయిన గురువారం చదవడానికేమీ లేక అందరూ నోరు మూసుకుని కుట్టారు. ఇరవై చొక్కాలు తయారయ్యాయి. ఇలా అయితే ఆ ఆసుపత్రికి రోగులు చాలరు.

నువ్వు టీచరుగా ఉన్న అమీరుపేటలోనే కదా పద్మాక్షి మేడ. ఏడాది నుంచి అక్కడ ఉండి ఒక్కసారైనా వెళ్ళి చూశావా? గోరింట కంచె, దాని వెనక పాలరాతి మెట్లు, మెట్ల కింద నది. ఆమె కిటికీలోంచి చూస్తే పంజాగుట్ట మీద సురేంద్రబాబు పెట్టిన దీపం కనబడుతుంది. అన్నీ చూసి నాకు రాయి. ఆ కంచెది ఒక కొమ్మ తుంచి పంపు.

ఒంగోలు జాన్‌బాబు వాళ్ళమ్మ మళ్ళీ కబురు చేసింది. బంగారంలాంటి పిల్లాడు. ప్రతి ముద్దా ముప్పైరెండు సార్లు నమిలి మింగుతాడట, ఆరోగ్యం మీద అంత శ్రద్ధ. డిసెంబరు సెలవులకు రా, మాట్లాడుకుందాం.

నీ పెద్దమ్మ,
వజ్రమ్మ


అమీరుపేట,
1938 జూలై 17

పెద్దమ్మకు నమస్కారాలు.

నిన్న ఒంటిపూట బడి కాగానే నవల భాగాలన్నీ సంచిలో పెట్టుకుని బయలుదేరాను. మా ఇంటావిడ బుచ్చమ్మ, పాలు అమ్ముకునే మనిషి, తోడు వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మకు బోనాలు ఎత్తే రోజులివి. దారంతా డప్పులు, జనం. ఆ జనాన్ని ఆపి మేము పాలరాతి మెట్లున్న మేడ ఎక్కడని అడుగుతూ తిరిగాం.

నవాబుల మేడలు ఉన్నాయి కాని కాపలావాళ్ళు దగ్గరికి రానివ్వరు. గోరింట కంచె ఒకటి దొరికింది. దాని వెనక బుచ్చమ్మ మరిదిది గడ్డివాము ఉంది. పాలరాతి మెట్టు బదులు ఒక బండరాయి, దాని మీద పిడకలు ఆరుతున్నాయి. నది ఏదని అడిగితే బుచ్చమ్మ నన్ను జాలిగా చూసి, "గా పుస్తకం రాసినాయన గీ దిక్కు ఎన్నడు రాలేదు బిడ్డా. గీడ నది లేదని నా బర్రెకు సుత తెలుసు" అంది.

పక్కనే ఒకాయన గొలుసు పరిచి నేల కొలుస్తున్నాడు. పేరు ఏసోబు. సర్వే ఆఫీసులో పని, మెదకు వైపు క్రైస్తవులే. మా మాటలు విని, పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే నాలుగు పేజీలు చదివాడు. "టీచరమ్మా, గీడికెళ్ళి చూస్తె గుట్ట మీది దీపం కానరాదు. నడుమ చింతతోపు ఉన్నది. జర ఆగుండ్రి, కొలిచి చూపిస్త" అన్నాడు. నిజంగానే కొలిచాడు. గోరింట పూలు పడవట, కొలిచినంతసేపూ తుమ్ముతూనే ఉన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. నేను చూడటానికి వచ్చింది చింతతోపు కాదు కదా.

అంతా అయ్యాక సైకిలు ఎక్కబోతూ ఆగి, "మరి గుర్రం ఏమైంది?" అని అడిగాడు. తరువాతి భాగం రాలేదని చెప్పాను. "గట్లెట్ల ఆపిండు?" అని దిగులుపడ్డాడు. మొదటి నుంచి చదువుతానంటే ఎనిమిది భాగాలూ ఇచ్చాను.

కొమ్మ ఇందులో పెట్టాను. జాన్‌బాబు గారి విషయంలో తొందరేమీ లేదు పెద్దమ్మా.

సుమిత్ర


బందరు,
1938 జూలై 27

అమ్మాయీ సుమిత్రా,

గోరింట కొమ్మ అందింది. పదకొండు మందిమీ కళ్ళకద్దుకున్నాం. పద్మాక్షి కంచెదని చెప్పాను, బుచ్చమ్మ మరిది ఊసు ఎత్తలేదు. రుద్రమ్మ రెండు ఆకులు అడిగి తీసుకెళ్ళి నూరి పెట్టుకుంది. ఎప్పుడూ లేనంత ఎర్రగా పండిందట.

నది లేదంటావేమిటే? ఎనిమిది భాగాల్లో నలభైసార్లు రాశాడు. చదువుకున్నవాడు నలభైసార్లు పొరపాటు పడతాడా? నవలలో చోట్లు చూడబోతూ పాలమనిషినీ గొలుసు మనిషినీ వెంటబెట్టుకుంటే ఇలాగే ఉంటుంది. కళ్ళు కాస్త అరమూసుకుని చూడాలి అలాంటివి.

ఆ ఏసోబుతో జాగ్రత్త. నిజాం వైపు వాళ్ళకు మాటకు ముందొక 'జర', వెనకొక 'మస్తు'. వాళ్ళ మిషను కూడా వేరు, మన పాటలు ఏదో రాగంలో పాడతారు. పుస్తకాలు వెంటనే వెనక్కి తీసుకో.

పట్నంలో తొమ్మిదో భాగం దొరక్కుండా ఉంటుందా? సుల్తాన్ బజారులో పఠన మందిరం ఉందన్నావు కదా. ఇంటికి ఇవ్వకపోతే అక్కడే కూర్చుని చదివి, ఉత్తరంలో రాసి పంపు. ఆలస్యం చెయ్యకు. కూటంలో ఇద్దరు అప్పుడే, నిజంగా పౌలు పత్రికలు చదువుదామంటున్నారు.

వజ్రమ్మ


అమీరుపేట,
1938 ఆగస్టు 14

పెద్దమ్మకు,

సుల్తాన్ బజారు వెళ్ళాను. పఠన మందిరం ఆయనతో చాలాసేపు మాట్లాడాను. పుస్తకం పంపడం కుదరదు పెద్దమ్మా, అడగవద్దు. తొమ్మిదో భాగం కథ మాత్రం కింద రాస్తున్నాను.

ఏసోబు గారు పుస్తకాలు తిరిగి ఇచ్చేశారు. రెండుసార్లు చదివారట. తోడుగా ఒక పటం గీసి తెచ్చారు. అమీరుపేట, పంజాగుట్ట, బల్కంపేట, పద్మాక్షి నడిచిన దారులన్నీ ఉన్నాయి. నది లేదన్న మనిషే దానికి నీలం రంగు వేశారు. ఎందుకని అడిగితే, "కథల ఉన్నది కద టీచరమ్మా, మనమెందుకు తీసెయ్యాలె" అన్నారు. పటం పంపుతున్నాను.

ఇక కథ. గుర్రం కాలు బెణికింది. సురేంద్రబాబు దానికి విశ్రాంతి ఇచ్చి సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. దాయాదుల వల్ల ఆస్తి పోయింది. భూములు కొలిచే ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు గోరింట కంచె దగ్గర పద్మాక్షి ఎదురైంది. ఎనిమిది భాగాల నుంచి దాచుకున్న మాట ఆ రోజు చెప్పాలనుకున్నాడు. నోరు తెరవగానే తుమ్ము వచ్చింది. ఆరు తుమ్ములయ్యేసరికి పద్మాక్షికి నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. ఆ నవ్వులో చెప్పాలనుకున్నది మరచిపోయి, "మీ బడి గోడ అరడుగు వీధిలోకి వచ్చింది" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. పద్మాక్షి ఆ సాయంత్రమంతా గోడను చూస్తూ కూర్చుంది.

సుమిత్ర


బందరు,
1938 ఆగస్టు 25

సుమిత్రకు,

ఈ రచయితకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది. ఎనిమిది భాగాలపాటు వెన్నెలా, మలయమారుతమూ తప్ప మరొకటి లేదు. తుమ్మే కథానాయకుణ్ణి నేను ఇప్పటివరకూ ఏ నవలలోనూ చూడలేదు. ఆరు తుమ్ములూ నేనే తుమ్మి వినిపించాను. ఒకావిడ నవ్వు ఆపుకోలేక చొక్కా చేతిని మెడకు కుట్టేసింది. పద్మాక్షికి బడి ఎక్కడిదని రుద్రమ్మ అడిగింది. ఆమెదీ ఆస్తి పోయి ఉంటుంది, ఆడపిల్ల టీచరు పని చేసుకోకూడదా అని నేను కోప్పడ్డాను.

పటం గోడకు తగిలించాం. గీసినవాడి చెయ్యి మంచిది, కాదనను. అది వేరే సంగతి. అతన్ని ఇంటివైపు రానివ్వకు.

పదో భాగం తొందరగా రాయి. ఆ పిల్లాడు అడిగాడా లేదా? అడగకపోతే పద్మాక్షే అడగాలి. నేను అలా అన్నానని ఎవరికీ చెప్పకు.

వజ్రమ్మ


అమీరుపేట,
1938 సెప్టెంబరు 18

పెద్దమ్మకు,

అడిగాడు. పదో భాగంలో అదే.

సురేంద్రబాబుకు కొలతల్లో తప్ప మాట్లాడటం రాదు. పంజాగుట్ట దగ్గర వాన పడుతుంటే ఇద్దరూ ఒక బండ కింద నిలబడ్డారు. అతను గొలుసు చుట్టుకుంటూ, "మీ బడికీ నా గదికీ అరవై రెండు గొలుసుల దూరం. నెల నుంచి రోజూ కొలుస్తున్నాను. తగ్గడం లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. వాన వెలిశాక పద్మాక్షి, "కొలవడం మానేసి మా పెద్దవాళ్ళను అడగండి" అంది.

చిక్కంతా అక్కడే. పద్మాక్షిని మూడేళ్ళప్పటి నుంచి పెంచిన పెద్దమ్మ ఒకామె ఉంది, పేరు కనకాంగి. చెడ్డది కాదు. చేపలు వండిన రోజున ముక్కలన్నీ పిల్ల కంచంలో వేసి, తనకు చేపంటే పడదని చెప్పి పులుసుతో తింటుంది. కాని తాను అనుకున్నదే జరగాలి. ఆమె ముందు నిలబడితే పద్మాక్షికి గొంతు పెగలదు. కనకాంగి అప్పుడే ఒక దివాను గారి అబ్బాయికి మాట ఇచ్చేసింది. అతను ప్రతి ముద్దనూ లెక్కపెట్టి నమిలే రకం. సురేంద్రబాబును ఒక్కసారైనా చూడకుండానే, అతని ఊరూ అతని మాటతీరూ తనకు నచ్చవని ఆమె తేల్చేసింది.

భాగం అక్కడ అయిపోయింది. పద్మాక్షి ఏం చెయ్యాలి పెద్దమ్మా? మీ కూటంలో ఏమనుకుంటున్నారో రాయి.

సుమిత్ర


బందరు,
1938 సెప్టెంబరు 29

సుమిత్రకు,

అరవై రెండు గొలుసులు చదివాక కాసేపు ఎవరూ సూది కదపలేదు. నేను కూడా మళ్ళీ చదవడానికి కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. అబ్బాయంటే అలా ఉండాలి.

ఇక ఆ కనకాంగి. దాని కడుపు కాల, చేపముక్కలు పెడితే మాత్రం పిల్ల గొంతు నొక్కేస్తుందా? చూడకుండానే వద్దంటుందా? ముద్దలు లెక్కపెట్టేవాడితో ఒక్క పూట కంచం ముందు కూర్చోమను దాన్ని, తెలుస్తుంది. కూటమంతటి ముందూ నిలబడి చెప్పాను, పద్మాక్షి సురేంద్రబాబునే చేసుకోవాలి, కనకాంగి అడ్డొస్తే నేనే వెళ్ళి జుట్టు పట్టుకుని పక్కకు లాగుతానని. అందరూ చేతులెత్తారు. రుద్రమ్మ ఒక్కతే నావైపు అదోలా చూస్తూ కూర్చుంది. కడుపునొప్పేమో.

అన్నట్టు, జాన్‌బాబు వాళ్ళమ్మకు నేను మాట ఇచ్చేశాను. డిసెంబరు సెలవుల్లో ఖాయం చేద్దాం. ఆ గొలుసు మనిషి ఇంకా తిరుగుతున్నాడా? తిరుగుతుంటే నీ హెడ్‌మిస్ట్రెస్‌కు ఉత్తరం రాస్తాను.

వజ్రమ్మ


అమీరుపేట,
1938 అక్టోబరు 16

పెద్దమ్మకు,

ఈ ఉత్తరం కూటంలో చదవవద్దు. కూర్చుని చదువు.

తొమ్మిదో భాగం లేదు. పదోదీ లేదు. అచ్చువేసేవాళ్ళు ప్రెస్సు మూసేశారని పఠన మందిరం ఆయన ఆగస్టులోనే చెప్పాడు. నువ్వు దిగులుపడతావని ఏదో ఒకటి రాద్దామనుకున్నాను. గుర్రం కాలు బెణికిందని, ఆస్తి పోయిందని మాత్రమే నేను కల్పించాను. తరువాత రాసినవన్నీ జరిగినవి. సైకిలు ఏసోబు గారిది. తుమ్ములు ఆయనవి. అరవై రెండు గొలుసులు ఆయన నాతో అన్న మాటే, బండ కింద, వానలో. ఆయన భాషలో అది ఇంకా బాగుంది, నేను పుస్తకాల భాషలోకి మార్చి పాడుచేశాను.

కనకాంగి నువ్వే.

నిజం రాద్దామని కలం పట్టిన ప్రతిసారీ నీ ముఖం కళ్ళ ముందుకొచ్చి చెయ్యి ఆగిపోయేది. పద్మాక్షి అని పేరు పెట్టగానే రాయగలిగాను. నువ్వు మెచ్చుకుంటూ రాసినవి చదివి, ఎవరి గురించో తెలియక మెచ్చుకుంటున్నావని ఏడ్చాను. నాకు జాన్‌బాబు గారు వద్దు. నేను ఏసోబు గారిని చేసుకుంటాను.

సుమిత్ర


బందరు,
1938 అక్టోబరు 24

సుమిత్రా,

పదకొండు మంది ముందు నా జుట్టు నేనే పట్టుకుని లాగుతానని చెప్పించావు. నీకు చెప్పించిన చదువు బాగా ఉపయోగపడింది.

నాకు ఉత్తరాలు రాయకు.

చేప సంగతి నీకు ఎలా తెలుసు?

వజ్రమ్మ


అమీరుపేట,
1938 నవంబరు 1

పెద్దమ్మకు,

రాయవద్దన్నావు, అయినా ఇది చెప్పక తప్పదు. పెళ్ళి ప్రకటన ఇద్దరి సంఘాల్లోనూ మూడు ఆదివారాలు చదవాలి కదా. మా పాస్టరు గారు నన్ను అడగకుండానే మన బందరు సంఘానికి కాగితం పంపించేశారు. ఆరో తేదీ నుంచి అక్కడ మా పేర్లు చదువుతారు.

ఆ సంగతి తెలిసి ఏసోబు గారు నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. "గామె నిన్ను సాది పెద్ద చేసింది. గామెను ఏడిపించి మనం ఏం సుఖపడతం? ఒప్పుకుంటెనే చేసుకుందం, లేకుంటె ఆగుదం. నాకేం ఫికర్ లేదు, నేను ఆగుత" అన్నారు. ఆ ఆఖరి మాట అబద్ధం. ఆయనకు చాలా ఫికరుంది, సైకిలుకు గాలి కొట్టడం కూడా మానేశారు.

అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పమని పాస్టరు గారు అడుగుతారు. నువ్వు లేస్తే పెళ్ళి ఆగిపోతుంది. నేను ఎదురు చెప్పను. నీ నోటితో నువ్వు వద్దంటే ఇక అడగను.

చేప సంగతి నాకు ఏడేళ్ళప్పుడు తెలిసింది. వంటింట్లో నువ్వు ముళ్ళు చప్పరిస్తుంటే చూశాను.

సుమిత్ర


బందరు,
1938 నవంబరు 21

సుమిత్రకు,

మొదటి ఆదివారం జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. జ్వరం లేదు. రెండో ఆదివారం వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. పాస్టరు గారు నీ పేరు, అతని పేరు చదివి, సర్వే ఆఫీసు ఉద్యోగి అనగానే కుట్టు కూటంలో పదిమందికీ ఒక్కసారే అర్థమైపోయింది. గురువారం వచ్చి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది. కథలో సైకిలు వచ్చిన రోజే తనకు తెలిసిందని రుద్రమ్మ చెప్పింది. మరి చెప్పవేమంటే, "చెబితే మీరు చదవడం ఆపేస్తారుగా" అంది.

జాన్‌బాబు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి మాట వెనక్కి తీసుకున్నాను. ఆ పూట భోజనానికి ఉండమన్నారు. పిల్లాడి ఎదురుగా కూర్చోబెట్టారు. నేను చెయ్యి కడుక్కున్న తరువాత కూడా అతను రెండో ముద్ద నములుతూనే ఉన్నాడు.

నిన్న మూడో ఆదివారం. "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలుపవలెను" అన్నారు పాస్టరు గారు. పదిమందీ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను లేచాను. లేవాలని అనుకోలేదు, లేచాను.

"ఉందండి" అన్నాను. పాస్టరు గారి కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. "అబ్బాయి మీద కాదు. పిల్ల మీద. దీన్ని నేను పెంచాను. ఉన్న మాట నాతో చెప్పడానికి దీనికి ధైర్యం చాల్లేదు. అది మీ రిజిస్టరులో రాసుకుని, తరువాత పెళ్ళి చెయ్యండి" అన్నాను. అలాంటివి రాయడానికి రిజిస్టరులో చోటు లేదన్నారు ఆయన. "అయితే అభ్యంతరం లేదు" అని కూర్చున్నాను.

క్రిస్మస్‌కు ముందే వస్తాను. రుద్రమ్మ కూడా వస్తానంటోంది. అబ్బాయితో చెప్పు, సైకిలుకు గాలి కొట్టుకోమని. ఆగుతానన్నాడు చూడు, ఆ ఒక్క మాటకు నేను ఒప్పుకున్నాను. అతని పాటల రాగం సంగతి వచ్చాక చూస్తాను.

ఇంటికొచ్చి ఏడ్చాను. నీ మీద కోపమనుకున్నాను, కాదు. నా దగ్గర నోరు విప్పడానికి భయపడేలా నిన్ను పెంచానే, అందుకు. మీ పెదనాన్న పోయేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి ఎవరెవరి ప్రేమలో, ఎవరెవరి పెళ్ళిళ్ళో చదువుకుంటూ వచ్చాను. నన్ను ఎవరూ ఏ పుస్తకంలోనూ పెట్టరని నాకు తెలుసు, పెట్టడానికి నా దగ్గర ఏముంది? నువ్వు పెట్టావు. దుర్మార్గురాలిగానే పెట్టావు. అయినా ఆ పదో భాగం తలుపు వేసుకుని ఇప్పటికి ఆరుసార్లు చదివాను.

నిన్ను పెంచిన
వజ్రమ్మ